ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు



ఈ నెల మేము పేడపురుగును గురించి వ్రాయదలిచాము. కొందరు ముఖం చిట్లించవచ్చు. నిరుడు తొలకరిలో మేమూ అదే చేశాము. ఆ సంగతితోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే అందులో తప్పు మాది.

మా మదర్సా వసతి గృహంలో పదిహేనేళ్ళ విద్యార్థి ఒకడున్నాడు. గురజాల వైపు పల్లెవాడు, కౌలు రైతు బిడ్డ. పగలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదవ తరగతి చదువుతూ, ఉదయం, సాయంత్రం మా వద్ద అరబీ పాఠాలు చెప్పించుకుంటాడు. ఒకనాడు వంటమనిషి వచ్చి, పిల్లల గదిలో పేడ కంపు కొడుతోందని ఫిర్యాదు చేశాడు. వెళ్ళి చూస్తే ఆ కుర్రవాని మంచం క్రింద మట్టి, పేడ నింపిన ఒక గాజు సీసా, పది పన్నెండు అగ్గిపెట్టెలు కనిపించాయి. సీసాలో నల్లని పురుగులు కదులుతున్నాయి. అగ్గిపెట్టెలలో దూదిపై ఎండిన పురుగులు, ఒక్కొక్క దాని ప్రక్కన మడిచిన చీటీ. నమాజు చేసే బట్టలుండే చోట ఈ మాలిన్యమేమిటని మాకు పట్టరాని కోపం వచ్చింది. పురుగులను ప్రహరీ వెనుక పోయించాము. అగ్గిపెట్టెలనూ, చీటీలనూ పొయ్యిలో వేయించాము. కుర్రవాడు చేతులు కట్టుకొని నిలబడి అంతా చూశాడు. చివరకు ఒక్క మాట అన్నాడు: “చీటీలైనా ఉంచితే బాగుండేది, హజ్రత్.”

ఆ మాట మాకు అప్పుడు అర్థం కాలేదు.

నాలుగు రోజుల తరువాత పెద్ద తరగతికి హదీసు శాస్త్ర నియమాలు బోధిస్తున్నాము. ఉల్లేఖన ఎంత చక్కగా ఉన్నా, దానిని ఎవరు ఎవరి నుండి విన్నారో తెలిపే సనద్ తెగిపోతే దాని స్థాయి పడిపోతుందని చెబుతున్నాము. వాడు తరగతి చివర కూర్చొని వింటున్నాడు. పాఠం ముగిశాక దగ్గరకు వచ్చి, వినయంగానే అడిగాడు: “హజ్రత్, మా సైన్సు మాస్టారు కూడా ఇదే చెప్పారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో వ్రాసిన చీటీ లేకపోతే పురుగు ఎంత అందమైనదైనా పనికిరాదట. అది కూడా సనద్ లాంటిదేనా?”

రెండు నెలలు ప్రతి తెల్లవారుజామున వాడు చూసి వ్రాసుకున్నదంతా ఆ చీటీలలోనే ఉన్నదని అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ళుగా సనద్ విలువను బోధిస్తున్న మేము, ఒక పిల్లవాని సనద్‌లను అన్నం వండే పొయ్యిలో వేయించాము. వానిని క్షమాపణ కోరాము. గురువు శిష్యుణ్ణి క్షమాపణ కోరడం మా వద్ద వాడుక కాదు. వాడు సిగ్గుపడి తల వంచుకున్నాడు. అప్పటినుండి వాని పని ఏమిటో తెలుసుకోవాలని, వారానికి రెండు రోజులు ఫజ్ర్ తరువాత వాని వెంట పొలాలకు వెళ్ళనారంభించాము. ఆ సైన్సు మాస్టారు కూడా అప్పుడప్పుడు తోడు వచ్చేవారు.

పెంకుపురుగు అన్న మాటను మనం తేలికగా వాడుతాము గానీ, ఈ వర్గం ఎంత పెద్దదో విన్నప్పుడు ఆశ్చర్యపోయాము. శాస్త్రజ్ఞులు ఇంతవరకు పేరు పెట్టిన పెంకుపురుగుల జాతులు దాదాపు 4 లక్షలు. లోకంలో పేరు పొందిన జంతుజాతులలో ఇంచుమించు నాలుగవ వంతు ఇవే. ముందు రెక్కల జత గట్టిపడి పెంకుగా మారి, వెనుక నున్న పలుచని రెక్కలకు ఒరగా ఉంటుంది. ఇదే వీటి గుర్తు. పొలంలోని అక్షింతల పురుగు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు, పెసలకు పట్టే పుచ్చు పురుగు, పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకునే బంగారు పురుగు, ఆఖరికి రాత్రి వెలిగే మిణుగురు కూడా పెంకుపురుగులే. తొలకరికి ఎర్రని మఖ్మలు ముక్కలా నేలపై నడిచే ఆరుద్ర పురుగు మాత్రం కాదు. దాని కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. కీటకాలకు ఆరే. యాభై ఏళ్ళుగా ఆరుద్రను చూస్తున్న మేము ఒక్కనాడూ దాని కాళ్ళు లెక్కపెట్టలేదు.

మా పల్నాడు నేల వేసవిలో నెర్రెలు విచ్చి రాయిలా ఉంటుంది. తొలి వానలకు నల్లరేగడి మెత్తబడగానే పేడపురుగులు బయటకు వస్తాయి. గేదె వేసిన పేడ కడి వద్ద కదలకుండా కూర్చుంటే కొద్దిసేపటికే అవి వాసన పట్టి ఎగిరి వస్తాయి. అన్నీ ఒకే పని చేయవు. కొన్ని పేడలోనే నివసిస్తాయి. కొన్ని కడి క్రిందనే సొరంగం త్రవ్వి పేడను లోపలికి దింపుకుంటాయి. కడిని కర్రతో ప్రక్కకు జరిపితే నేలలో వ్రేలు పట్టే రంధ్రాలు, వాటి అంచున క్రొత్త మట్టి కనిపిస్తాయి. మరికొన్ని పేడను ఉండగా చేసి, తల నేలకు ఆనించి, వెనుక కాళ్ళతో నెట్టుకుంటూ దూరం తీసుకుపోతాయి. తల్లి పురుగు భూమిలో దాచిన ఉండలో గ్రుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు ఆ ఉండనే తిని పెరిగి, నిద్రావస్థ దాటి, పెంకుతో వెలుపలికి వస్తుంది. ఈ క్రమంలో పేడ నేలలో కలుస్తుంది, నేల గుల్లబారుతుంది, పేడపై పెరిగే ఈగలకు చోటు తగ్గుతుంది.

ఇది చిన్న సేవ కాదని ఆస్ట్రేలియా చరిత్ర చెబుతుంది. ఆ దేశపు పేడపురుగులు కంగారూల గట్టి పేడకు అలవాటుపడినవి. వలస వెళ్ళినవారు తెచ్చిన పశువుల మెత్తని పేడను అవి పెద్దగా ముట్టలేదు. పేడ మైదానాలలో ఎండి గడ్డిని కప్పివేసింది, ఈగలు ముసిరాయి. హంగరీ నుండి వెళ్ళిన జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రజ్ఞుడు ఈ లోపాన్ని గుర్తించాడు. ఆయన చొరవతో 1960ల నుండి 1980ల వరకు అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇతర ఖండాల నుండి పేడపురుగులను తెప్పించి, పరీక్షించి, మేత భూములలో వదిలింది. మనకు ఊరికే వచ్చి పనిచేసి పోయే పురుగులను వారు విమానాలలో తెచ్చుకోవలసి వచ్చింది.

ఇక క్షేత్రంలో పని. వంటింటి ప్లాస్టిక్ డబ్బాను అంచు నేలతో సమంగా ఉండేలా పాతుతారు. పైన రెండు పుల్లలపై గుడ్డలో కట్టిన పేడ వ్రేలాడుతుంది. వాసనకు వచ్చిన పురుగు డబ్బాలో పడుతుంది. పగలు తిరిగే జాతులు వేరు, రాత్రి తిరిగేవి వేరు గనుక డబ్బాను రోజుకు రెండుసార్లు చూడాలి. మా వాడు మగ్రిబ్‌కు ఒకసారి, ఫజ్ర్‌కు ఒకసారి చూసి, పుస్తకంలో ‘ఫజ్ర్’, ‘మగ్రిబ్’ అనియే వ్రాసేవాడు. మాస్టారు అభ్యంతరం చెప్పారు. నమాజు వేళ సూర్యుని బట్టి మారుతుంది, ఆషాఢంలో ఫజ్ర్, పుష్యంలో ఫజ్ర్ ఒకటి కావు, గంటలు, నిమిషాలు వ్రాయమన్నారు. నిజమే. మదర్సా వేళల పట్టికను ఏడాదికి ఎన్నిసార్లు మార్చుతామో మాకు తెలియనిది కాదు.

మాచర్ల దాటాక కనిపించే అడవి వైపు పోదామని వాడు చాలాసార్లు అడిగాడు. అక్కడి అడవులు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యానికి చెందినవి. అనుమతి లేనిదే అక్కడ ఒక్క పురుగునైనా పట్టరాదు. పొలం గట్లు, చెరువు కట్టలు, కాలువ ఒడ్లు మాకు చాలునన్నాము.

ఒకనాడు మా పాత గ్రంథాలలో పేడపురుగు ఉన్నదా అని వాడు అడిగాడు. ఉన్నది. హిజ్రీ 255లో మరణించిన బస్రా పండితుడు జాహిజ్ తన జంతుగ్రంథం ‘కితాబుల్ హయవాన్’లోనూ, హిజ్రీ 808లో మరణించిన దమీరీ ‘హయాతుల్ హయవాన్’లోనూ పేడపురుగును చర్చించారు. అరబీలో దాని పేరు ‘జుఅల్’. గులాబీ సువాసన తగిలితే అది చచ్చినట్లు పడిపోతుందనీ, తిరిగి పేడలో వేస్తే కోలుకుంటుందనీ అందులో ఉన్నది. చదివి వినిపించగానే వాడు, “పరీక్షించి చూద్దామా, హజ్రత్?” అన్నాడు. పూర్వ పండితుని మాటను పరీక్షకు పెట్టడం మర్యాదయేనా అని మేము క్షణకాలం వెనుకాడాము. జాహిజ్ స్వయంగా తాను విన్న మాటలనెన్నిటినో శంకించినవాడు, కొన్నిటిని పరీక్షించి చూసినవాడు. ఆయన ముందు సిగ్గుపడవలసినది పరీక్షించనివారే గదా అనుకొని ఒప్పుకున్నాము.

నరసరావుపేట పూల అంగడి నుండి గులాబీలు తెచ్చాము. ఒక పళ్ళెంలో గులాబీ రేకులు, మరొక దానిలో తుమ్మ ఆకులు పరచి, చెరి ఐదు పురుగులను వేశాడు. ఆకుల పళ్ళెం ఎందుకని అడిగాము. గులాబీ వల్ల జరిగిందో, ఊరికే చేత్తో పట్టినందుకు జరిగిందో తెలియాలి గదా అన్నాడు. చేత్తో తీసి వేసిన మరుక్షణం రెండు పళ్ళెములలోనూ పురుగులు కాళ్ళు ముడుచుకొని కదలక పడి ఉన్నాయి. కాసేపటికి రెండింటిలోనివీ లేచి నడిచాయి. ముట్టుకుంటే చచ్చినట్లు నటించడం పెంకుపురుగులలో చాలా వాటికి ఉన్న ఆత్మరక్షణ ఉపాయం. ప్రాచీనులు చూసినది నిజంగా చూసినదే కావచ్చునని, కారణాన్ని మాత్రం గులాబీకి అంటగట్టి ఉంటారని మా ఊహ. పది పురుగులతో చేసిన పరీక్షపై ఇంతకంటే గట్టిగా చెప్పడం తగదు.

ఆ రెండవ పళ్ళెం వంటి జాగ్రత్తయే పెద్ద శాస్త్రజ్ఞుల పనిలోనూ కనిపిస్తుంది. ఉండను దొర్లించే పురుగు చీకటిలో కూడా తిన్నగా ఎలా పోతుందో తెలుసుకోవడానికి స్వీడన్, దక్షిణాఫ్రికా పరిశోధకులు కలిసి పనిచేశారు. పురుగు తలపై చిన్న అట్ట టోపీ పెట్టి ఆకాశం కనిపించకుండా చేస్తే అది దారి తప్పి తిరిగింది. టోపీ బరువే కారణమేమోనన్న శంక రాకుండా మరికొన్నిటికి పారదర్శకమైన టోపీలు పెట్టారు. అవి తిన్నగానే పోయాయి. తరువాత జొహానెస్‌బర్గ్ నక్షత్రశాలలో పాలపుంత వెలుగు పట్టీని మాత్రమే చూపితే, ఆ పట్టీ ఆధారంతోనే దిశ నిలుపుకున్నాయి. 2013లో ఈ ఫలితం ప్రచురితమైంది. పేడ ఉండను నెట్టే జీవికి సృష్టికర్త ఆకాశంలో దారి చూపాడు. ఇది విన్న రాత్రి మేము చాలాసేపు మిద్దెపై కూర్చున్నాము.

బల్ల మీది పని దీనికంటే ఓపికతో కూడినది. భూతద్దం క్రింద కొమ్ము ఆకారం, పెంకుపై గీతలు, ముందు కాలి పళ్ళు చూస్తే తప్ప ఒకే రంగు పురుగులు రెండు జాతులో ఒకటో తేలదు. కొన్నిటిని దేహం లోపలి భాగాలను పరిశీలిస్తే గాని చెప్పలేరు. ఎండిన పురుగుకు సూది గుచ్చేటప్పుడు నడుమ గుచ్చరు, కుడి పెంకుకే గుచ్చుతారు. నడుమ భాగమూ, ఎడమ పెంకూ చెక్కుచెదరకుండా నిలుస్తాయి. సూది క్రింద చీటీ. మన దేశపు పేడపురుగులపై గిల్బర్ట్ ఆరో అనే ఆంగ్లేయుడు 1931లో ప్రచురించిన సంపుటం నేటికీ ఈ శాస్త్రానికి ఆధార గ్రంథమని మాస్టారు చెప్పారు. మ్యూజియంలలో చేరిన నమూనాలను ముందు పెట్టుకొని చేసిన పని అది. పట్టినవారు గతించినా ఆ చీటీలు మాట్లాడుతూనే ఉన్నాయి. మేము కాల్పించినవి అలాంటివే.

ఇక్కడ ఒక ధర్మ సందేహం. సేకరణ కోసం ప్రాణం తీయవచ్చునా అని వాని తల్లి కబురు పంపింది. అవసరం లేక ప్రాణిని చంపడం, వినోదానికి హింసించడం మన ధర్మంలో నింద్యం. ప్రయోజనకరమైన విద్య కోసం, అవసరమైనంత మేరకు, బాధ తక్కువయ్యే పద్ధతిలో అయితే అనుమతి ఉన్నదని పండితుల అభిప్రాయం. మా వాని విషయంలో మేము పెట్టిన హద్దు ఇది: వీధి దీపాల క్రింద చచ్చి పడినవి ముందు ఏరుకోవాలి, డబ్బాలో పడినవాటిని లెక్కపెట్టి వదలాలి, గుర్తుపట్టలేని జాతికి ఒకటి రెండు మాత్రమే ఉంచుకోవాలి. పేడ ముట్టిన చేతులూ బట్టలూ శుభ్రపరచుకోనిదే నమాజుకు నిలబడరాదన్నది వేరే చెప్పనక్కరలేదు. వసతి గృహం వెనుక పాత సామాను గది ఇప్పుడు వాని ప్రయోగశాల. వంటమనిషికీ అభ్యంతరం లేదు.

ఇదంతా ఒక కుర్రవాని ముచ్చటే అయితే ఈ శీర్షికలో ఇంత వ్రాయము. 2021–22లో మా ప్రాంతపు మిరప తోటలను నల్ల తామర పురుగు ముంచినప్పుడు రైతులు ఏ మందు దొరికితే ఆ మందు కొట్టారు. మిరపలో, ప్రత్తిలో పేనుబంకను తినే అక్షింతల పురుగులూ ఆ మందులకే చచ్చాయి. అక్షింతల పురుగు పిల్ల దశలో గుండ్రంగా ఎర్రగా ఉండదు. నల్లగా, పొడుగ్గా, చిన్న మొసలిలా ఉంటుంది. మా వాని తండ్రియే దానిని క్రొత్త తెగులు పురుగనుకొని మందు పిచికారీ చేయబోయాడు. కుర్రవాడు నాలుగింటిని సీసాలో పేనుబంక ఉన్న ఆకులతో సహా పెట్టి, వారం తిరగకముందే అవి ఎర్రని అక్షింతల పురుగులుగా మారడం తండ్రికి చూపించాడు. ఆ దఫా మందు ఖర్చు మిగిలింది. కౌలు రైతుకు అది చిన్న మాట కాదు.

పశువుల నట్టల మందుల సంగతీ ఇటువంటిదే. ఐవర్‌మెక్టిన్ వంటి మందు పశువు దేహం నుండి చాలా భాగం పేడలోనే బయటకు వస్తుంది. ఆ పేడలో పెరిగే పేడపురుగు పిల్లలు చనిపోతాయని అనేక దేశాల పరిశోధనలు తేల్చాయి. నట్టల మందు మానమని మేము అనము, పశువు ఆరోగ్యం ముఖ్యం. పశువైద్యుని అడగకుండా, అవసరముందో లేదో చూడకుండా ఏడాదికి ఇన్నిసార్లని త్రాగించడం మాత్రం మంచిది కాదు.

బల్ల మీద తేలినది పొలంలో తప్పవచ్చునన్నదానికీ దగ్గరి ఉదాహరణ ఉన్నది. మన కాలువ గట్ల నిండా వయ్యారిభామ కలుపు. దానిని తినే పెంకుపురుగును 1983లో మెక్సికో నుండి బెంగళూరుకు తెచ్చి, పంటలను ముట్టదని పరీక్షలలో చూసుకొని, 1984లో అక్కడి భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు వదిలారు. కొన్నేళ్ళకు ఆ పురుగు ప్రొద్దుతిరుగుడు ఆకులపై కనిపించి రైతులు కలవరపడ్డారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. వయ్యారిభామ పుప్పొడి గాలికి ఎగిరి ప్రొద్దుతిరుగుడు ఆకులపై పడినప్పుడు పురుగు ఆ ఆకులను కొరుకుతున్నదని పరిశోధకులు కనుగొన్నారు. పంటకు అది తెగులు కాదని తేలింది. పొలంలోని పుప్పొడి, గాలి ప్రయోగశాలలో ఉండవు. రైతు కన్ను చూసినది అబద్ధం కాదు, పరీక్ష చేసినవారూ అబద్ధం చెప్పలేదు. మళ్ళీ పొలానికీ బల్లకూ తిరిగిన తరువాతనే నిజం తెలిసింది.

ఇంటి సోదరీమణులకు పొలం అందకపోతే వంటింట్లోనే ఒక ప్రయోగశాల ఉన్నది. పుచ్చిన పెసలు గుప్పెడు గాజు సీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి చూడండి. గింజపై తెల్లని చుక్కలు గ్రుడ్లు. పిల్ల పురుగు గింజ లోపలే పెరిగి, సుమారు నెల రోజులకు గుండ్రని రంధ్రం చేసుకొని వస్తుంది. మంచి గింజలు క్రొత్తగా వేస్తే, తల్లి పురుగు ఇదివరకే గ్రుడ్డున్న గింజను వీలైనంత వరకు తప్పించి, ఖాళీ గింజను వెదకడం చూడవచ్చు. నీరూ మేతా అడగని ఈ పుచ్చు పురుగును లోకమంతటా ప్రయోగశాలలలో పెంచుతారు. మన పెద్దవారు కందులకు, పెసలకు ఆముదం రాసి దాచేది దీనికే. సీసాపై తేదీ వ్రాయడం మరవకండి.

ఈ ఏడు తొలకరి పడిన మరునాడు, గట్టు మీద ఇంతకు ముందు చూడని కొమ్ముల పురుగొకటి మా కంటపడింది. వాడు డబ్బాల వద్ద ఉన్నాడు. కేకవేసి చూపించాము. వాడు చీటీ తీసి ఊరి పేరు, తేదీ, గంట వ్రాశాడు. పట్టినవారి పేరు వద్ద ఆగి, “ఇది మీరు చూసింది, మీ పేరే వ్రాయాలి” అన్నాడు. తరువాత కలం ఎత్తి అడిగాడు: “హజ్రత్, పేడ మీదనే ఉండగా చూశారా, ప్రక్కన నేల మీదనా?”

నేల మీదనే చూశాము. అలాగే వ్రాసుకున్నాడు.